డిసెంబరు దాకా ఆగకండి, పిట్టల నడకకు ఇదే అదను

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: హైదరాబాద్ మియాపూర్‌లో ఉంటారు. మీరు, తొమ్మిదేళ్ల పాప, అరవై ఎనిమిదేళ్ల నాన్నగారు కలిసి ఏదైనా గ్రూపుతో పక్షుల నడకకు వెళ్దామనుకుంటున్నారు. "వలస పక్షులు డిసెంబరులో కదా వచ్చేది, ఇప్పుడు పోతే ఏముంటాయి" అని ఆఫీసులో ఒకాయన అన్నారు. కెమెరా లేదు, బైనాక్యులర్ లేదు, కాకికీ గోరింకకూ తేడా తప్ప ఏమీ తెలియదు. చివర్లో నాన్నగారి ప్రశ్న ఒకటి: చిన్నప్పుడు జొన్నచేలో మంచె ఎక్కి వడిసెలతో తోలిన గుంపుల పిట్టలు ఏవి, అవి ఇంకా వస్తున్నాయా అని.

పద్దెనిమిదేళ్లుగా ఈ ఊరి చెరువుల చుట్టూ తిరుగుతున్నాను. అందులో పదేళ్లుగా కొత్తవాళ్లను వెంటబెట్టుకుని తీసుకెళ్తున్నాను. ఆ అనుభవంతో చెప్తున్నాను, ఆగకండి. సెప్టెంబరు మూడో వారం నుంచి నవంబరు దాకా ఒకే చెరువుకు నాలుగుసార్లు వెళ్లండి. డిసెంబరులో నాలుగు చోట్లకు వెళ్లి నేర్చుకునేదానికంటే ఎక్కువ వస్తుంది.

మీ ఆఫీసాయన చెప్పింది పూర్తిగా తప్పని అనను. కంటికి నిండుగా కనిపించే పక్షులు నిజంగానే ఆలస్యంగా వస్తాయి. హిమాలయాల మీదుగా వచ్చే బార్ హెడెడ్ గూస్ ఉందే, 7,000 మీటర్ల పైన ఎగిరినట్టు శాటిలైట్ ట్యాగులతో తేలిన బాతు, అది సింగూరు, మంజీరా జలాశయాల వైపు కనిపించేది చలి ముదిరాకే. పేపర్లలో ఫొటోలు పడేదీ అప్పుడే. అందుకే అందరికీ వలస అంటే డిసెంబరు అని పడిపోయింది. కానీ ఉల్లంకి పిట్టలు, అంటే బురదలో ముక్కుతో పొడుస్తూ తోక ఆడించే శాండ్‌పైపర్లు, ఇక్కడ వానలు దంచుతుండగానే, జులై ఆఖరు, ఆగస్టుకే దిగిపోతాయి. సెప్టెంబరులో గ్రే వ్యాగ్‌టెయిల్, ఎల్లో వ్యాగ్‌టెయిల్, పొదల్లో దూరే బ్లిత్స్ రీడ్ వార్బ్లర్, చెట్ల కొమ్మల్లో గ్రీనిష్ వార్బ్లర్, కరెంటు తీగల మీద వాన కోవెలలు, అంటే స్వాలోలు వస్తాయి. ముళ్లపొద మీద కూర్చుని దొంగలా చూసే బ్రౌన్ ష్రైక్ కూడా అప్పుడే. బాతుల్లో ముందుగా వచ్చేది గార్గనే. అక్టోబరు నడిచేకొద్దీ గొంతు దగ్గర నారింజ మచ్చ ఉండే చిన్న ఫ్లైక్యాచర్, గడ్డి మీద తేలుతున్నట్టు ఎగిరే హారియర్ డేగలు, నవంబరుకు మిగతా బాతులు. ఒక రైలు వచ్చి ఆగినట్టు కాదు, పెళ్లికి చుట్టాలు వచ్చినట్టు. ఒక్కొక్కరే దిగుతారు, కొందరు ఇక్కడే ఉండిపోతారు, కొందరు రెండు రోజులు ఆగి శ్రీలంక దాకా పోతారు.

పోయేవాళ్లూ ఉంటారు. మన కవులు వాన చినుకు కోసం నోరు తెరిపించిన చాతక పక్షి, పైడ్ కుకూ, వానలతో పాటు వచ్చి ఇప్పుడే తిరుగు ప్రయాణం కడుతుంది. ఈ నెలలో కనిపించేవాటిలో చాలావరకు పిల్లలే. వేరే పిట్టల గూళ్లలో పెరిగి, దారి చూపే తల్లిదండ్రులు లేకుండా బయలుదేరతాయి. మీ పాపకు ఈ ఒక్క సంగతి చెప్పి చూడండి, తెల్లవారి ఐదింటికి లేవమన్నా లేస్తుంది.

ఇప్పుడు ఎవరూ ముందుగా చెప్పని సంగతి. వానలు బాగా పడ్డ ఏడాది అక్టోబరులో పెద్ద చెరువులు చూడటానికి ఖాళీగా ఉంటాయి. అలుగు పారేంత నీళ్లుంటే ఒడ్డున బురద ఉండదు. బురద లేకపోతే ఉల్లంకి పిట్టలకు తిండి లేదు. నీళ్లు లోతుగా ఉంటే తల ముంచి తినే బాతులకూ పని లేదు. కట్ట మీద నిలబడి చూస్తే నాలుగు నీటికాకులు, పది బొల్లికోళ్లు, అంతే. "పక్షులు తగ్గిపోయాయి సార్" అని నిట్టూర్చి వెళ్లిపోతారు. పక్షులు ఉన్నాయి, చెరువు వెనక ఉన్నాయి. కట్టకు ఎదురు వైపు నీళ్లు పల్చబడే శిఖం భూమిలో, గేదెల కాళ్ల ముద్రల్లో నిలిచిన నీళ్లలో, పక్కనున్న వరి మడిలో, ప్లాటింగ్ చేసి వదిలేసిన జాగాలో నిలిచిన గుంటలో. ఎల్లో వ్యాగ్‌టెయిల్స్‌ని నేను ఎప్పుడూ ముందు గేదెలను వెతికి పట్టుకుంటాను. గేదె నడిస్తే పురుగులు లేస్తాయి, వాటి కోసం ఇవి మూతి దగ్గరే తిరుగుతుంటాయి.

ఇంకో గుర్తు, మన క్యాలెండరులోదే. బతుకమ్మకు గునుగు, తంగేడు కోసే రోజులు గుర్తుపెట్టుకోండి. గునుగు తెల్లగా విచ్చిన బీడులో పొద్దున్నే నిలబడితే వార్బ్లర్లు, ష్రైక్‌లు, గింజలు కొట్టే చిన్న పిట్టలు అన్నీ అక్కడే ఉంటాయి. ఈ చిన్న పిట్టల్లో చాలావాటి ప్రయాణం రాత్రిపూటే. చుక్కలను, భూమి అయస్కాంత శక్తిని ఆనవాలు పట్టుకుని రాత్రంతా ఎగిరి, తెల్లవారేసరికి ఏ పొద దొరికితే దాంట్లో దిగి ఆబగా తింటాయి. అందుకే నడక ఆరింటికి మొదలవ్వాలి. ఎనిమిదిన్నరకు వస్తే చూసేది పార్కింగే.

ఎక్కడికి వెళ్లాలి? మీకు దగ్గరగా ఉన్నది అమీన్‌పూర్ చెరువు. కుతుబ్‌షాహీల కాలం నాటిది. 2016లో దీన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు, నగరంలో ఉన్న చెరువుకు దేశంలో ఆ గుర్తింపు రావడం అదే మొదలు. చుట్టూ అపార్ట్‌మెంట్లు పెరిగిపోయాయి, చెత్త కూడా కనిపిస్తుంది, ముందే చెప్తున్నా. అయినా నాలుగుసార్లు వెళ్లగలిగేంత దగ్గర కాబట్టి నా ఓటు దీనికే. చెట్ల పిట్టలకు కొండాపూర్ బొటానికల్ గార్డెన్, లేదంటే బంజారాహిల్స్‌లో కేబీఆర్ పార్కు. కేబీఆర్‌లో నెమళ్లు ఖాయం, కానీ వాకింగ్ వాళ్ల ముచ్చట్ల మధ్య ఫ్లైక్యాచర్ గొంతు వినడానికి కాస్త ఓపిక కావాలి. గండిపేట, హిమాయత్‌సాగర్ 1908 మూసీ వరదల తర్వాత కట్టినవి. విశాలమైనవి, కాబట్టి అక్కడ స్కోపు, అంటే స్టాండు మీద పెట్టి చూసే టెలిస్కోపు, లేకుండా చుక్కలే కనిపిస్తాయి. వికారాబాద్ పక్కన అనంతగిరి కొండలు నవంబరుకు పెట్టుకోండి. పాపకు పొద్దున్నే కారులో అంత దూరం మొదటిసారే వద్దు.

ఇక గ్రూపు. హైదరాబాద్‌లో ఇది కొత్త సరదా కాదు. సలీం అలీ 1931-32లో నిజాం రాజ్యంలో పక్షుల సర్వే చేశారు. 1980లో మొదలైన బర్డ్ వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ ఇప్పుడు డెక్కన్ బర్డర్స్ పేరుతో నడుస్తోంది. ఇలాంటి క్లబ్బుల నడకలకు ఖర్చు పెద్దగా ఉండదు, మీ పెట్రోలు, ఎక్కడైనా గేటు టికెట్టు, అంతే. డబ్బు తీసుకుని ప్రైవేటుగా నడిపించేవాళ్లూ ఉన్నారు. తప్పేం లేదు, మంచివాళ్లు ఉన్నారు. కానీ డబ్బు కట్టే ముందు రెండు ప్రశ్నలు అడగండి: ఎంతమంది వస్తున్నారు, స్పీకరులో కూత వినిపించి పిట్టను రప్పిస్తారా. ఒక లీడరుకు పన్నెండు, మహా అయితే పదిహేను మంది. అంతకు మించితే వెనకున్నవాళ్లకు కనిపించేది ముందున్నవాళ్ల టోపీలే. రెండో ప్రశ్నకు "అవును, గ్యారంటీగా చూపిస్తాం" అంటే మానేయండి. రాత్రంతా ఎగిరి వచ్చిన పిట్ట తినాల్సిన సమయంలో, స్పీకరు కూతను నమ్మి లేని శత్రువు కోసం వెతుక్కుంటూ తిరగడం ఏం న్యాయం? అయినా వలస పిట్ట విషయంలో గ్యారంటీ అనే మాటే అబద్ధం.

గుంపు పెద్దదైతే ఏమవుతుందో నా తప్పుతోనే నేర్చుకున్నాను. ఏడెనిమిదేళ్ల కింద ఒక నడకకు ఎవరినీ కాదనలేక ఇరవై ఎనిమిది మందిని తీసుకెళ్లాను. చెరువు తోకలో గార్గనేలు యాభై దాకా, పక్కనే ఉల్లంకి పిట్టలు. స్కోపు ముందు వరస కట్టించాను. ఆరో మనిషి చూస్తుండగా, కెమెరా ఉన్న కుర్రాడొకడు ఫ్రేము కోసం శిఖంలోకి దిగాడు. అంతే, మొత్తం లేచిపోయాయి. మిగిలిన ఇరవై రెండు మంది చూసింది ఖాళీ నీళ్లు. ఆ కుర్రాడు ఆ నల్లరేగడి బురదలో మోకాలి దాకా దిగబడ్డాడు, చెప్పు ఇప్పటికీ అక్కడే ఉండాలి. వాణ్ని తిట్టి లాభం లేదు, దిగకూడదని మొదట్లో చెప్పనిది నేనే. అప్పటినుంచి నడక మొదట్లో ఐదు నిమిషాలు ఇవే మాటలు: లీడరును దాటి ముందుకు పోవద్దు, చెయ్యెత్తి చూపించొద్దు, ఫోను సైలెంటులో పెట్టండి. చెయ్యెత్తకుండా చూపించడానికి గడియారం పద్ధతి ఉంది. చెట్టును గడియారం అనుకుని "పది గంటల దగ్గర, రెండో కొమ్మ" అంటారు. మొదటి నడకలో అయోమయంగా ఉంటుంది, రెండోదానికి అలవాటైపోతుంది.

బైనాక్యులర్ మొదటి నడకకు కొనొద్దు. క్లబ్బుల్లో ఒకటో రెండో అదనంగా తెస్తారు, ముందే మెసేజ్ పెట్టి అడగండి. కొనాలనుకున్నప్పుడు 8x42. ఎనిమిది అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుంది, నలభై రెండు అంటే ముందున్న అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. షాపులో 10x50, 20x50 చూపించి "ఇది పవర్ ఎక్కువ" అంటారు. పవర్ పెరిగేకొద్దీ చెయ్యి వణుకు కూడా అన్ని రెట్లు పెరుగుతుంది, చూసే జాగా తగ్గుతుంది, పిట్ట దొరకదు. పాపకు 8x32 లాంటి తేలికది చాలు. నాన్నగారు కళ్లజోడు పెట్టుకుంటారు కాబట్టి కంటి దగ్గర ఉండే రబ్బరు కప్పులను కిందికి తిప్పేయాలి, లేకపోతే చుట్టూ నల్లగా కనిపిస్తుంది. ఇంకొకటి, చాలామంది సంవత్సరాల తరబడి పట్టించుకోనిది: కుడి కంటి దగ్గర ఒక చిన్న రింగు ఉంటుంది. కుడి కన్ను మూసి మధ్య చక్రంతో ఒక బోర్డు మీద అక్షరాలు స్పష్టంగా వచ్చేలా చేయండి. తర్వాత ఎడమ కన్ను మూసి ఆ రింగుతో కుడి కంటికి సరిచేయండి. రెండు కళ్ల చూపులో తేడా ఉన్నవాళ్లకు దీంతో తలనొప్పి పోతుంది. పిట్టను పట్టుకోవడానికి కిటుకు ఒక్కటే. చూపు పిట్ట మీదనుంచి తీయకుండా బైనాక్యులర్‌ను కళ్ల దగ్గరకు తెచ్చుకోవాలి. కిందికి చూసి, పట్టుకుని, పైకెత్తి వెతికితే ఎప్పటికీ దొరకదు.

పొద్దున సూర్యుడు మీ వీపు వెనక ఉండేలా నిలబడండి. ఎదురుగా ఉంటే అన్ని పిట్టలూ నల్లకాకులే.

ఈ కాలంలో గుర్తుపట్టడం కష్టం, అది దాచను. మగ బాతులు పెంటి బాతుల్లా మట్టిరంగులో ఉంటాయి, సంతాన కాలం అయ్యాక ఈకలు రాల్చి ఇంకా కొత్త రంగులు తొడుక్కోలేదు. పిల్ల పక్షులు పుస్తకంలో ఉన్నట్టు ఉండవు. వార్బ్లర్లయితే అన్నీ బూడిద, ఆకుపచ్చ కలిసిన ఒకే రంగు. వాటి దగ్గర కళ్లకంటే చెవులే నయం. పొద కింద రాయికి రాయి తగిలినట్టు "చెక్... చెక్" అంటే బ్లిత్స్ రీడ్. పైన ఆకుల్లోంచి "చిస్-వీ" అని చిన్నగా వస్తే గ్రీనిష్. ఈ రెండు గొంతులు పట్టుబడితే ఈ సీజనులో కనిపించని పిట్టల్లో సగం తెలిసినట్టే. మెర్లిన్ అని ఉచిత యాప్ ఉంది, కూత విని పేరు చెప్తుంది. వాడండి, కానీ నమ్మే ముందు పిట్టను చూడండి. ట్రాఫిక్ చప్పుడులో అది అప్పుడప్పుడూ లేనివీ పలుకుతుంది. పక్షులు చూసేవాళ్లు తమ లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైటులో ఏ చెరువులో ఏ వారం ఏ పిట్ట కనిపిస్తుందో బార్ చార్టు ఉంటుంది. ముందు రోజు రాత్రి అది చూసి అయిదు పేర్లు రాసుకోండి. అయిదే, యాభై కాదు. అక్టోబరు రెండో శనివారం ప్రపంచ వలస పక్షుల దినం, అదే రోజు ఈబర్డ్ వాళ్ల అక్టోబర్ బిగ్ డే, అంటే ఒక్క రోజులో కనిపించిన పిట్టలన్నీ లెక్క రాసే రోజు కూడా. ఆ రోజు ఊళ్లో నడకలు ఎక్కువ ఉంటాయి, జనమూ ఎక్కువే. మీ మొదటి నడక దానికి ముందు వారమో, తర్వాత వారమో పెట్టుకోండి.

పాప గురించి. రెండు గంటలు దాటించొద్దు. పిల్లలకు చూడమంటే విసుగు, లెక్కపెట్టమంటే హుషారు. ఒక నోటుబుక్కు ఇచ్చి "ఎన్ని గేదెల మీద కొంగలు కూర్చున్నాయో రాయి" అని అప్పగించండి. మా నడకల్లో లకుముకి పిట్టను ముందు కనిపెట్టేది ఎప్పుడూ పిల్లలే, పెద్దవాళ్లు ఇంకా ఫోకసు తిప్పుతూ ఉంటారు. నాన్నగారికి కట్ట మీద నడక సులువే, శిఖం వైపు దిగితే చేతికర్ర ఉండాలి. వానల తర్వాత గడ్డి నడుము దాకా ఉంటుంది, రక్తపింజర లాంటి పాములు ఉండే చోట్లు, కాబట్టి చెప్పులు వద్దు, షూ, పొడుగు ప్యాంటు. బట్టలు మట్టిరంగు, ఆకుపచ్చ. తెల్ల చొక్కా వద్దు. చెరువుల దగ్గర బాత్రూములు ఉండవు. ఆడవాళ్లు వచ్చే గ్రూపుల్లో కూడా ఈ మాట ఎవరూ ముందు చెప్పరు, వచ్చాక ఇబ్బంది పడతారు. దారిలో ఏ పెట్రోలు బంకులో ఆగాలో లీడరును నేరుగా అడిగేయండి.

దసరా దగ్గరకొస్తోంది కాబట్టి ఒక మాట. ఆ రోజు పాలపిట్టను చూడాలని అందరికీ ఉంటుంది. అది తెలంగాణ రాష్ట్ర పక్షి, ఊరి అంచున కరెంటు తీగల మీద ఏడాది పొడుగునా ఉండేదే. దాన్ని పంజరంలో తెచ్చి, రెక్కలు కట్టేసి, పది రూపాయలకు చూపించేవాళ్లు కనిపిస్తారు. డబ్బిచ్చి చూడొద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం, పైగా అలా పట్టిన పిట్టలు చాలావరకు బతకవు. జమ్మి దగ్గరకు వెళ్లేలోపు ఆ పొద్దున ఊరి బయటకు ఓ అరగంట పోయి రండి, తీగ మీద కూర్చున్నదే కనిపిస్తుంది. ఎగిరినప్పుడు రెక్కల నీలం చూశాక పంజరంలోదాన్ని చూడబుద్ధి కాదు.

ఈ నెలల్లో ఇంకొకటి జరగొచ్చు. మీ అపార్ట్‌మెంటు బాల్కనీలోనో, మెట్ల దగ్గరో తొమ్మిది రంగుల బొద్దు పిట్ట ఒకటి, తోక దాదాపు లేనిది, సొమ్మసిల్లి పడి ఉండొచ్చు. అది ఇండియన్ పిట్టా, మన పొన్నంకి పిట్ట. ఉత్తరం, మధ్య భారతం అడవుల నుంచి దక్షిణానికి పోతూ నగరం దీపాలకు, అద్దాలకు తికమకపడి దిగిపోతుంది. నోట్లో నీళ్లు పోయకండి. బెజ్జాలు పెట్టిన అట్టపెట్టెలో, చీకట్లో, పిల్లులకు దూరంగా కొన్ని గంటలు ఉంచి, తేరుకున్నాక చెట్లున్న చోట వదిలేయండి, దెబ్బ తగిలినట్టుంటే అటవీ శాఖకు చెప్పండి. అన్నట్టు, ప్రపంచమంతా శాస్త్రజ్ఞులు వాడే "పిట్టా" అనే ప్రజాతి పేరు మన తెలుగు పిట్టే. 1816లో ఒక ఫ్రెంచి ఆయన పెట్టాడు. నాన్నగారికి ఈ సంగతి నచ్చుతుంది.

ఇక ఆయన ప్రశ్న. మంచె మీంచి తోలినవి, గుంపులు గుంపులుగా మబ్బులా వచ్చి జొన్న కంకుల మీద వాలినవి అయితే చాలావరకు గులాబీ గోరింకలే, రోజీ స్టార్లింగ్స్. తల, రెక్కలు నలుపు, ఒళ్లు గులాబీ. మధ్య ఆసియా గడ్డి మైదానాల్లో మిడతలు తింటూ పిల్లలను పెంచి, ఆగస్టుకే మన దగ్గరకు వచ్చేస్తాయి. ఏప్రిల్ దాకా ఉంటాయి. జొన్నలు తినే మాట నిజమే, మిడతలను, పురుగులను తినే మాట కూడా నిజమే. మాఘం, ఫాల్గుణంలో మోదుగ, బూరుగ పూల తేనె మీద పడతాయి. ఆయనకు గులాబీ రంగు గుర్తుంటే అవి పెద్ద పిట్టలు. ఇప్పుడు వచ్చే గుంపుల్లో పిల్లలు ఎక్కువ, అవి మట్టిరంగులో, పసుపు ముక్కుతో మామూలుగా ఉంటాయి, చూసి "ఇవి కాదు" అంటారేమో. జొన్నచేలు ఊరి చుట్టూ తగ్గాయి కానీ ఇవి ఇంకా వస్తున్నాయి. వీటి కోసం ఒక నడక సాయంత్రం పెట్టుకోండి, నాలుగున్నరకు. పొద్దు గూకే ముందు తుమ్మచెట్లలో, తుంగలో పడుకోవడానికి చేరతాయి, గుంపు మొత్తం ఒకేసారి మలుపు తిరుగుతుంది. ఆయన ఊళ్లో వాటిని ఏమని పిలిచేవారో అడిగి ఇక్కడ కింద రాయండి. ఒక్కో ఊళ్లో ఒక్కో పేరు ఉంటుంది, నేను రాసి పెట్టుకుంటున్నాను.